పెండ్లికార్డులో కీ.శే.

"మొన్నటిదాకా రూపాయంత బొట్టు పెట్టుకొని తిరిగిన మనిషి. మొగుడు ఎప్పుడు పోయినాడంట? సావుకు పోయినోళ్లు లేరు, దినాలకు తిన్నోళ్లు లేరు" అని పెనుకొండలో ఉండే చెల్లెలు ఫోన్లో వెంకటక్కతో అన్నదట. పక్కంగట్లో బట్టలు కుట్టే వెంకటక్క ఆ మాట రంజితతో అన్నది. రంజిత కంప్యూటర్ ముందు కూర్చోకముందే, కార్డులేసే అంగడి ఓనరు శివప్రసాద్ చెవిన వేసింది.

"పెనుకొండ గోవిందమ్మ అంట సార్. కూతురి పెండ్లికార్డు మనమే కదా వేసింది. బతికుండే నాయనను చంపేసినామంట."

శివప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఏజెంటు రమేష్ ఫోనుకు పంపిన ఆర్డరు అది. పని మొత్తం రంజితే చూసుకుంది. ఫ్లెక్సీ మిషన్ దగ్గర తలమునకలుగా ఉండి, ఆ కార్డు కేసి అతను కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు చూశాడు.

చి.ల.సౌ. సుమలత. శ్రీమతి గోవిందమ్మ, కీ.శే. ఉలిగప్ప గార్ల ఏకైక పుత్రిక.

హిందూపురంలో కార్డులేసే అంగళ్లకు కొదవ లేదు. కానీ శివప్రసాద్ పద్ధతి వేరు. కార్డు మ్యాటర్‌లో పేర్లుండే చోటల్లా 'తండ్రి', 'తల్లి', 'వధువు' అని గుర్తులు పెట్టి ఉంటాడు. ఏ గుర్తుకు ఏ పేరో ఇంకో చిన్న ఫైల్లో ఉంటుంది. నల్ల తెర మీద ఒక్క కమాండ్ కొడితే చాలు, మ్యాక్రో ప్రోగ్రాం గుర్తులన్నీ ఏరిపారేసి పేర్లు కూర్చోబెడుతుంది. కార్డులో, కవరు మీద, మండపం ముందు ఫ్లెక్సీలో. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది. పాతది మచ్చుకైనా మిగలదు. అందుకే అతనికి ఆ పద్ధతంటే ప్రాణం.

"దీనికి ముందు ఏం కార్డు చేసినావు?"

"ముదిగుబ్బోళ్ల పెద్దకర్మది సార్."

"ఆ కార్డులో తండ్రికి ముందర కీ.శే. ఉంటుంది కదా. అది తుడిచినావా?"

రంజిత గోరు కొరుక్కుంది. "తుడిచినా సార్. తుడిచినాననే అనుకుంటాండా."

"అదీ సంగతి! సావు కార్డులోది పెండ్లి కార్డులోకి దూరింది. ఆ ప్రోగ్రాంకు ఏం తెలుసు, సచ్చినోడెవరో బతికినోడెవరో? చెప్పింది చేస్తుంది."

"రమేషన్న పంపిన మ్యాటర్ నా ఫోన్లోనే ఉండాది. ఒకసారి చూద్దామా సార్?"

"అక్కర్లేదు" అన్నాడు శివప్రసాద్, కసురుకున్నట్టు. "మిషన్‌దే తప్పు."

రంజిత బిత్తరపోయింది. ఏడాదిగా పని చేస్తోంది. అచ్చుతప్పులు ఎన్నో పడ్డాయి. వధువు పేరే తప్పు పడినప్పుడు కూడా నవ్వి ఊరుకున్న మనిషి, ఈ పొద్దు చెమటలు కక్కుతున్నాడు.

"పెండ్లి వచ్చే గురువారమే కదా సార్. సగం కార్డులు పంచేసి ఉంటారు. ఊరుకుంటే పోదా?"

"బతికుండే మనిషి రంజితా! రేపు ఆ మండపంలోకి పోతే జనాలు ఏమనుకోవాల?"

అతనే కూర్చుని కీ.శే. తీసేశాడు. శ్రీ పెట్టాడు. కమాండ్ కొట్టాడు. రెప్పపాటులో ఉలిగప్ప లేచి కూర్చున్నాడు. శివప్రసాద్ ఆ పేరు కేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి కొత్త కార్డులు కట్ట కట్టాడు. ఇంటికి ఫోన్ చేసి, పేపర్ రేట్లు కనుక్కోడానికి ధర్మవరం పోతున్నానని భార్య అనురాధకు చెప్పి, పెనుకొండలో బస్సు దిగాడు.

తలుపు తీసింది పెండ్లికూతురే. చేతులకు పసుపు.

"ఎవురు కావాల పెదనాయనా?"

అతను చేతిలోని కార్డుల కట్ట ఎత్తి చూపించాడు. "కార్డుల అంగట్లోంచి వచ్చినా. మీ అమ్మ ఉండాదా?"

ఆ పిల్ల కుర్చీ వేసి చెంబుతో నీళ్లు తెచ్చింది. చెంబెడూ తాగేశాడు. "పెండ్లికొడుకు ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు. "ఎర్రమంచిలో, కార్ల ఫ్యాక్టరీలో" అని సిగ్గుపడింది.

గోవిందమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది. నుదుటన రూపాయంత బొట్టు అట్లే ఉంది. అది చూసి శివప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది.

"సుమా, నువ్వు లోపలికి పో" అంది ఆమె.

"కార్డులో తప్పు పడింది. మిషన్ తప్పు" అన్నాడు గబగబా. "వేరే వాళ్ల సావు కార్డులో మాట దీంట్లోకి వచ్చేసింది. సరిచేసి తెచ్చినా. పంచనివి పక్కన పెట్టి ఇవి పంచండి."

గోవిందమ్మ కట్టలోంచి ఒక కార్డు లాగి, 'శ్రీ ఉలిగప్ప' అన్నచోట వేలు పెట్టింది. వేలు అక్కడే ఉంచి మాట్లాడింది.

"మిషన్ తప్పేం లేదు. రమేష్‌కు ఆ మాట చెప్పి రాయించింది నేనే. మీ అంగట్లోనే వేయించమని చెప్పిందీ నేనే."

"మనిషి బతికే ఉన్నాడు కదా! పీట మీద కూర్చుని కన్యాదానం చేయాల్సిన మనిషి..."

"మా తమ్ముడు చేస్తాండాడు."

"అది కాదు. బతికుండేవాణ్ని చంపితే ఎట్ల?"

గోవిందమ్మ ఆ కొత్త కార్డుల కట్ట తీసి తిరిగి అతని ఒళ్లోనే పెట్టింది.

"ఉలిగప్పను చంపింది మిషనూ కాదు, నేనూ కాదు, నన్నూ నా బిడ్డనూ ఇడిసిపెట్టి హిందూపురం పోయి శివప్రసాదని పేరు మార్చుకున్న పొద్దు నువ్వే చంపితివి."