నీరు కాని ఐసు

"ఐసు కరిగితే నీరుండాల కదరా. నీరేదీ?"

శ్రీకాకుళం కొరియర్ ఆఫీసులో థర్మాకోల్ పెట్టె మూత చేత్తో పట్టుకుని కొండబాబును నిలదీసింది అమ్మడు. నలభై ఏళ్లుగా చేపల బుట్ట మోసిన మనిషి. ఏ ఎండకు ఎంత గడ్డ కరుగుతుందో చూపుతోనే చెప్పగలదు. ఇలా తడి కూడా మిగల్చకుండా మాయమైన ఐసును మాత్రం పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"అది డ్రై ఐసు అత్తా. కరగదు. పొగై పోతాది."

"పొగై పోతాదా? మీలో ఎవుడో సోడాలో ఏసుకున్నాడు, సెప్పు."

"ఏసుకుంటే నాలిక ఊడొస్తాది. వానలకి లారీ రెండ్రోజులు ఆగిపోనాది. నన్నేటి సెయ్యమంటావు?"

అమ్మడు పెట్టెలోకి వంగింది. లోపలున్న బుల్లి సీసా మీద వేలి వెనకభాగం ఆనించి చూసింది. కాస్త చల్లదనం మిగిలే ఉంది. ఎచ్చెర్ల ల్యాబులో ఉన్న షీబాకు ఫోన్ చేసింది. బొల్లి మచ్చల మీద పరిశోధన చేస్తున్న పిల్ల షీబా. ఈ మందు తెప్పించింది ఆమే.

"పాడవలేదులే పిన్నీ," అంది షీబా. "మామూలు ఐసులో పెట్టి తెచ్చీ. వేడెక్కకపోతే చాలు. పరీక్ష ఇవాళే అయిపోవాలి. రేపటికి అనూరాధలో పరీక్షకు సరిపడే బలం ఉండదు."

"ఎలాగున్నాది?"

"పొద్దున్న పెట్టాను. ఏమీ తీసుకోలేదు. నీరసపడిపోతోంది."

అమ్మడు ఫోన్ రొంటిన దోపి, చేపల బజారుకు నడిచింది. ఐసు అమ్మే నూకయ్య దగ్గర గడ్డ కొని, మేకుతో పొడిచి, రొయ్యలకు పేర్చినట్టు కింద ఒక వరస, పైన ఒక వరస పేర్చింది. సీసాకు నీరు తగలకుండా రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టింది. పెట్టె చుట్టూ గోనెపట్టా బిగించి, నాగబాబు ఆటో ఎక్కింది.

"ఎచ్చెర్లలో ఎవరున్నారమ్మా?" అడిగాడు నాగబాబు.

"మా అనూరాధ."

"సదువా?"

"సదువుకే పనికొస్తన్నాదిలే నాయినా."

తొమ్మిదో తరగతిలో ఉండగా కూతురు అనూరాధ మోచేతి మీద మొదటి మచ్చ వచ్చింది. పెళ్లయ్యేనాటికి మెడ దాకా పాకింది. తీరంలో ఆడవాళ్లు ఆమె చేతి నీళ్లు తాగేవారు కారు. బారసాలకు పిలిచి, బిడ్డను మాత్రం చేతికిచ్చేవారు కారు. ఒకరోజు షీబా ఊళ్లోకి వచ్చి, రంగు పోయిన చర్మం గురించి అడిగితే, అనూరాధ అందరికంటే ముందు నిండు చేతుల జాకెట్టు పైకి మడిచింది. "నాకే ఎందుకొచ్చిందో కనుక్కోండి," అంది. అలా చేరింది ఆ ల్యాబుకు.

చర్మానికి రంగు పోసే కణాలకు లోపల తుప్పులాంటిది పడుతుందని, కొందరి ఒంట్లో ఆ తుప్పును అడ్డుకునే సరుకు ఉండదని షీబా చెప్పింది. ఉప్పుగాలికి పడవ మేకులు తుప్పు పట్టిపోవడం చూసిన అమ్మడికి ఆ మాట ఇట్టే అర్థమైంది. ఆ సరుకు అనూరాధలో ఉందో లేదో ఈ సీసాలో మందు అంటుకుని చూపిస్తుందట.

అప్పట్నుంచి ప్రతి గురువారం చేపలమ్మి, నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుని, అమ్మడు ఎచ్చెర్ల వెళ్తోంది. లోపలికి రానివ్వరు. బయటి గాలి సోకితే అనూరాధ తట్టుకోదట. గుమ్మం బయట బల్ల మీద కూర్చుని, రొయ్యల ధర దగ్గర్నుంచి అనూరాధ కూతురు సుహాసిని అల్లరి దాకా తలుపుతోనే చెప్పి వస్తుంది.

నెల కిందట సుహాసిని పెదవి పక్కన మినపగింజంత తెల్లచుక్క లేచింది.

దారిలో వాన నీరు నిలిచి ఆటో ఆగింది. నాగబాబు దిగి తోస్తున్నాడు. ఒళ్లో పెట్టెను చూస్తూ కూర్చుంది అమ్మడు. పరీక్షైతే అనూరాధ ఇక ఆ గదిలో ఉండదని షీబా ముందే చెప్పింది. మూత తీసి ఇలా వదిలేస్తే చాలు. మందు పాడైపోతుంది. వచ్చే గురువారం కూడా తను ఆ బల్ల మీద కూర్చోవచ్చు. గోనెపట్టా ముడి మీదికి చెయ్యి పోయింది. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత ఆ ముడినే ఇంకాస్త బిగించింది.

ల్యాబు గుమ్మంలో షీబా పెట్టె అందుకుని, ఐసులో వేలు పెట్టి చూసి తలూపింది.

"ఇంకోసారి అడుగుతున్నా పిన్నీ. చెయ్యకపోతే పది రోజులుంటుంది. చేస్తే ఇంతటితో సరి."

"నొప్పి తెలుస్తాదా?"

"తెలీదు పిన్నీ."

అమ్మడు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పది రోజులూ నాకు గావాల. అట్టిపెట్టుకుంటే రేపు సుహాసినికి ఏటి సెప్పను? కానియ్యమ్మా."

షీబా లోపలికెళ్లింది. అరచేతిలో పట్టేంత మూతపళ్లెం ఒకటి తెచ్చి, అమ్మడి దోసిట్లో పెట్టింది. అది జ్వరం లేని నుదురులా గోరువెచ్చగా ఉంది.

నిరుడు చనిపోయిన అనూరాధలో ఇంకా బతికున్నవి, ఆనాడు షీబాకిచ్చిన ఆ పళ్లెంలోని చర్మకణాలే.