పది లెక్కపెట్టేదాకా

1986లో ఉదయగిరి టెలిఫోన్ రిలే గదికి డిజిటల్ యంత్రం వచ్చింది. దానికి మొదట ఐదు వోల్టులు ఇచ్చి, పది లెక్కపెట్టి, అప్పుడు పన్నెండు వోల్టులు ఇవ్వాలి. వరస తప్పితే చిప్పులు కాలిపోతాయి. పాత టెక్నీషియన్ ఖలీలుల్లా ఆ పదీ గట్టిగా లెక్కపెట్టేవాడు, లోపల ఎవరి చెయ్యైనా ఉంటే తీసుకుంటారని. ఆయన చనిపోయి నెలయింది.

ఆ రాత్రి యంత్రం మొరాయిస్తే, ఆయన శిష్యుడు బర్కతుల్లా ఒక్కడే వచ్చాడు. ఇంకెవరూ కరెంటు ఇవ్వకుండా యంత్రం ఫ్యూజు పీకి, గురువు నేర్పినట్టే చొక్కా జేబులో వేసుకున్నాడు. టార్చి వెలుగులో యంత్రం వెనక చెయ్యి దూర్చాడు.

ముందువైపు ‘టక్’మంది. ఐదు వోల్టుల ఎర్రదీపం వెలుగు గోడమీద పడింది.

రెండో చేత్తో జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది.

“పెంచలనరసయ్యా! లోపలికొచ్చి స్విచ్చి ఏసినావా?”

“నేను గేటుకాడ ఉండా సార్,” బయటినుంచి వాచ్‌మన్ పలికాడు. కాసేపాగి నవ్వాడు. “ఏంది సార్, మీరూ పెద్దసారు మాదిరే లెక్కపెడతా ఉండారు? ఇప్పుడే ‘ఏడు’ అన్నారు.”

బర్కతుల్లా లెక్కపెట్టడానికి పెదవే కదపలేదు. మెల్లగా చెయ్యి బయటికి తీసుకుని, పన్నెండు వోల్టుల దీపం కోసం చూస్తూ నిలబడ్డాడు.