తొమ్మిది సెకన్లు

"మంచి గుడ్డ అండీ. శబ్దాన్ని తాగేస్తుంది. పెద్ద హాలుకు తెరలు కుట్టినప్పుడు ఇలాంటిదే కొనమన్నా, వాళ్లు వినలేదు," అన్నాడు టైలరు, కిటికీకి తెర వేలాడదీస్తూ.

చెవుల డాక్టరూ వినలేదు. గడియారం చూస్తున్నాడు. మూడున్నర.

ప్రతి ఆదివారం ఆయన గదిలో జాజ్ అభిమానులు కలుస్తారు. ఆ వారం ఏ ఆల్బమ్ వింటున్నారో ఒక్కొక్కరూ చెప్పాలి. తర్వాత ఒక రికార్డు పెడతారు. అది తిరుగుతున్నంతసేపు దగ్గినా తప్పే.

ఆ రోజు డాక్టరు కాక ఇద్దరే వచ్చారు.

"నాది ఇంకా ఆ ట్రంపెట్ ఆల్బమే," అన్నాడు లెక్కల మాస్టారు. "మూడో వారం. అది ఆపకపోతే పుట్టింటికి పోతానంది మా ఆవిడ."

"ఆపారా?"

"ఆపితే ప్రయాణం మానుకుంటుందేమోనని ఆపలేదు."

"నాది సాక్సాఫోన్. రెండో వైపు మాత్రమే. మొదటి వైపు మా పిల్ల బొమ్మ గీసింది," అన్నాడు రేడియో మెకానిక్. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరేం వింటున్నారు ఈ వారం?"

"కుట్టు మిషను. మా ఇంట్లో పాటల పెట్టె ఎప్పుడూ లేదు బాబూ. రికార్డన్నది నేను వినలేదు."

ఇద్దరూ నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

"నాలుగింటికి ఫోనొస్తుంది. పేరు చెప్పాలి," అన్నాడు.

సాయంత్రం ఆరింటికి పెద్ద హాల్లో ఒక పియానో కళాకారుడి కచేరీ ఉంది. ముప్ఫయ్యొక్కేళ్ల కిందట ఆయన అదే హాల్లో వాయిస్తుండగా ఒక ఆల్బమ్ రికార్డయింది. అందులో రెండో పాట నడుమ ఆయన చేయి ఆగిపోతుంది. తొమ్మిది సెకన్లు ఏమీ వినపడదు. అప్పుడు ఎక్కడి నుంచో టక్ టక్ అని రెండు చప్పుళ్లు. పియానో అక్కడ అందుకుంటుంది. ఆ తర్వాత ఆయన వాయించిన దాని కోసమే ఈ ముగ్గురూ ఆ రికార్డు వింటారు.

అట్ట మీద 'టక్ టక్ అన్నవారికి' అని ఉంటుంది. ఆ మనిషెవరో ఆయనకే తెలియదు. ఇది తన ఆఖరి కచేరీ అనీ, ఆ మనిషిని వెతికి పియానో పక్కన కూర్చోబెట్టమనీ హాలు మేనేజరుకు రాశాడు. నేనంటే నేనని పదకొండు మంది వచ్చారు. తేల్చే పని మేనేజరు డాక్టరుకు అప్పగించాడు.

"పదకొండు మందిచేతా ఈ బల్ల మీద కొట్టించాం. ప్లీడరు గారి ఉంగరం చప్పుడు దగ్గరగా ఉంది," అన్నాడు మెకానిక్.

"చప్పుడు సరే. సమయం కుదరాలిగా?" అన్నాడు మాస్టారు. " రికార్డు అరగదీసిన మనం కొట్టి చూసినా అక్కడ ఒక్కసారీ సరిగ్గా పడలేదు. ముందో, వెనకో."

"మొదటి వరుసలో కూర్చున్న వాళ్లందర్నీ అడిగేశాం కదండీ."

"ఆఖరిసారి విందాం," అన్నాడు డాక్టరు.

టైలరు స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించాడు.

"నాలుగుంపావుకి నాకు రైలుంది బాబూ, మా అమ్మాయి దగ్గరికి. దుకాణం నిన్ననే మూసేశా. ఈ కింది అంచు కుట్టేసి పోతా."

"కుట్టండి. చప్పుడు మాత్రం చేయకండి."

రికార్డు తిరిగింది. రెండో పాట మొదలవగానే టైలరు చేతిలో సూది ఆగింది. కాసేపటికి పియానో ఆగింది.

డాక్టరు స్పీకరుకు చెవి ఆనించాడు. మాస్టారు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఏడు. ఎనిమిది.

టైలరు వేలి తొడుగుతో కిటికీ చెక్క మీద కొట్టాడు. టక్ టక్.

పియానో అందుకుంది.

డాక్టరు లేచి రికార్డు ఆపాడు. "చెడగొట్టారు. అందులోది వినపడనే లేదు."

"ఆయన మళ్లీ ఆగిపోయాడు కదా అని..."

"ఆగిపోలేదండీ. అది రికార్డు. మా తొందరలో మేమున్నాం. ఆ అంచు ఇంకెవరిచేతైనా కుట్టించుకుంటాం, మీరు వెళ్లండి."

టైలరు దారం కొరికి తెంపాడు. సూదిని కాలరుకు గుచ్చుకున్నాడు.

"ఆ తర్వాత బాగా వాయిస్తాడు," అని మెట్లు దిగాడు.

నాలుగింటికి ఫోన్ మోగింది. డాక్టరు ప్లీడరు గారి పేరు చెప్పి పెట్టేశాడు. కూర్చున్నాడు. లేచాడు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాడు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

తొమ్మిది సెకన్లు. టక్ టక్. రికార్డులో శుభ్రంగా వినపడింది.

"బాగానే ఉందే. ఇందాక ఎందుకు వినపడలేదు?" అన్నాడు మాస్టారు.

"వినపడింది," అన్నాడు మెకానిక్. "రెండూ ఒకేసారి పడ్డాయి."

"అయితే ముసలాయన మనకంటే ఎక్కువ విన్నాడన్నమాట."

"రికార్డన్నదే వినలేదన్నాడు కదండీ."

డాక్టరు రికార్డు ఆపాడు.

"మళ్లీ ఆగిపోయాడు అన్నాడు," అన్నాడు మాస్టారు మెల్లగా.

డాక్టరు ఫోన్ అందుకున్నాడు.

"ప్లీడరు గారు బయల్దేరిపోయారండీ," అన్నాడు మేనేజరు. "మార్చాలంటే ఇప్పుడే పేరు చెప్పండి."

డాక్టరు మాస్టారు వైపు చూశాడు. మాస్టారు మెకానిక్ వైపు చూశాడు. పెద్దాయనా అని పిలవడమే తప్ప ఎవరూ పేరు అడగలేదు.

"హలో," అంటున్నాడు మేనేజరు.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. సగం కుట్టిన అంచు నుంచి దారం ముక్క వేలాడుతోంది.

ముప్ఫయ్యొక్కేళ్ల కిందట, వీళ్లు గాలించిన మొదటి వరుసకు ఎదురుగా, వేదిక మీది తెర వెనక స్టూలు మీద కూర్చుని ఆయన ఇలాగే కింది అంచు కుడుతున్నాడు.