వరండాలో అట్టపెట్టెలు

“ఈ వీధికి మూడేలా ఉంది, నోరీన్. రొయ్యల పడవలవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల ఇళ్లల్లోకి బ్రిస్బేన్ నుంచి కుక్కలకి కోట్లు తొడిగేవాళ్లు దిగుతున్నారు. బడిలో పిల్లలే లేరట.”

పక్కింటి నోరీన్ నవ్వింది. “సముద్రం పక్కన ఇళ్ల రేట్లు పెరుగుతుంటే ఏడ్చేదానివి నువ్వొక్కదానివే.”

“నీకేం తల్లీ, సొంతిల్లు. మేం అద్దెకున్నవాళ్లం,” అన్నాను.

మా అబ్బాయి గ్రాంట్ సామాన్ల లారీ నడుపుతాడు. ఖాళీ చేసే ఇళ్లకి ముందురోజే అట్టపెట్టెల కట్ట ఇచ్చి వస్తాడు. ఈ వేసవంతా ఏ వరండాలో ఆ కట్ట కనబడినా, ఇంకో ఇల్లు ఖాళీ అని లెక్కపెట్టుకునేదాన్ని.

అంతలో వాడి లారీ వచ్చి ఆగింది. వాడు ఒక కట్ట మోసుకొచ్చి మా వరండా గోడకి ఆనించాడు.

“ఈసారి ఎవర్ని తరిమేస్తున్నావురా?” అని ఆటపట్టించింది నోరీన్.

వాడు బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

“నడుం పట్టేసిందా నాన్నా?” అంటూ టీ తెచ్చిచ్చాను. “ఇంతకీ ఎవరికిరా ఇవి?”

వాడు లేచి కట్టకున్న తాడు విప్పాడు. నోరీన్ మెల్లగా లేచి వెళ్లిపోయింది. టీ చల్లారిపోయింది.

“నువ్వు కంగారుపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు,” అన్నాడు చివరికి. “ఓనరు ఇల్లు అమ్మేశాడమ్మా. ముందు వంటిల్లు సర్దుదాం.”