ఖాళీ కుర్చీ వైపు చూపు

ఆమె ఒక క్లినిక్‌లో చెవి పరీక్షలు చేస్తుంది. ఆమె భర్త చాన్నాళ్లు ఆయాసంతో తీసుకుని తీసుకుని చనిపోయాడు. అప్పటినుంచి క్లినిక్ మూశాక, బయటి చప్పుడు చొరబడని పరీక్ష గదిలో ఆమె ఒంటరిగా కూర్చుంటోంది. చూపు పక్కకు తిరిగితే కర్ణభేరి కూడా కాస్త కదులుతుందని ఆమెకు తెలుసు. అందుకేనేమో, ఎడమవైపు ఖాళీ కుర్చీని చూస్తే చాలు, భర్త ఆయాసం వినబడేది. చూపు తిప్పుకుంటే ఆగిపోయేది.

ఆ రాత్రి చెల్లెలు తలుపు తీసి, “అక్కా, ఇంటికి పోదాం రా,” అంది.

“నువ్వు పద, వస్తా.”

తలుపు మూసుకున్నాక కుర్చీ వైపు చూసింది. ఈసారి ఆయాసం మధ్య మాట వినిపించింది.

“ఇటు చూడకు. నువ్వు చూసినప్పుడల్లా నేను ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. నొప్పిగా ఉంది.”

ఆమె చూపు గోడకేసి తిప్పుకుంది. గదిలో ఏ అలికిడీ లేదు. ఎంతోసేపు ఓర్చుకుంది. చివరికి వల్లకాక, ఏడుస్తూనే మళ్లీ ఎడమకు చూసింది.