ఇస్త్రీ చేసిన చేతులు

“ఇస్త్రీ చేసిన చేతులతో ఆ చలిగదిలోకా? చావాలనుందా నీకు?” అంటూ రెఫూహియో కోడలి చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

పౌరసత్వ కార్యాలయపు అద్దాల తలుపు తెరుచుకుంది; లోపలి ఏసీ గాలి ఒక్క క్షణం ఇద్దరి ముఖాలనూ తాకింది; తలుపు మళ్ళీ మూసుకుంది. జూలై నెల; అమెరికాలోని ఫ్రెస్నోలో ఎండ నిప్పులు చెరుగుతోంది. పదకొండింటికి కోడలు దమియానాను పిలుస్తారు. ఒక్క ఇంగ్లీషు వాక్యం చదివి చూపించాలి. మొదటిసారి చదవలేకపోయింది. ఈసారీ తప్పితే దరఖాస్తు కొట్టివేస్తారు.

“అత్తా, నాది నరాల జబ్బు. నరాల మీది పొర అరిగిపోయిందట. ఒంట్లో వేడి పెరిగితే కళ్ళు మసకబారతాయని డాక్టరు చెప్పాడు కదా!”

“ఆయన ఏనాడైనా ఇస్త్రీపెట్టె పట్టాడా? పొద్దున్నేగా నీ చొక్కా ఇస్త్రీ చేసుకున్నావు. వేడి చేతులకు చలి తగిలితే నరాలు బిగుసుకుపోతాయి. మా చెల్లెలు చోనాకు సరిగ్గా ఇదే. ఇస్త్రీ చేసి నేరుగా ఏట్లో స్నానానికి దిగింది. కళ్ళు పోయాయి, కాళ్ళు పడిపోయాయి. మూడేళ్ళు ఆవిరిగుడిసెలో కాపడం పెట్టినా లేవలేదు.”

ఆ మాటల్లో కోపం లేదు, భయమే ఉంది. ఆ భయంతోనే ఆమె ఉన్ని శాలువాను కోడలి మెడచుట్టూ ఇంకో చుట్టు చుట్టి, గోడవార బెంచీ మీద కూర్చోబెట్టింది.

పావుగంట గడిచింది.

“అత్తా, లోపల గోడమీది జెండాకు చారలెన్ని?”

“నన్నడుగుతావేం? పరీక్ష నీదా, నాదా?”

“నాకు జెండాయే కనిపించడం లేదు.”

దమియానా లేవబోయింది. కాళ్ళు మాట వినలేదు.

ఎదురుగా మంచుతురుము మీద చింతపండు పాకం పోసి అమ్ముతున్న నెమేసియో ఇంక ఊరుకోలేకపోయాడు. “దోన్యా, పెద్దమ్మా, ఆ శాలువాలో మహిమే ఉంటే ఈపాటికి పిల్ల పరుగెత్తేది. నా బండిలో కావలసినంత మంచుంది.”

“నీ చింతపండు పాకం నువ్వు చూసుకో!”

“అత్తా,” అంది దమియానా, “ఒక్కసారి.”

పదకొండుకు ఇంకా పన్నెండు నిమిషాలు. రెఫూహియో గుండెల మీద శిలువ గీసుకుంది. తానే శాలువా లాగేసి, తన రెండు చేతులతోనే మంచు ఎత్తి కోడలి మెడవెనక అదిమిపెట్టింది.

“ఏం కనిపిస్తోంది?”

“ఎర్రటి మబ్బు.”

ఇంకో దోసెడు. వీపు మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

“మబ్బు చీలుతోంది... ఎరుపు, తెలుపు... ఆగు.” దమియానా పెదవులు కదిలాయి. “పదమూడు.”

రెఫూహియో తలుపు వైపు వేలు చూపింది. దమియానా దానిమీద అంటించిన సన్నక్షరాలను కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఆ తర్వాత, ఎవరి ఆసరా లేకుండా, లేచి నిలబడింది.

అరవై ఏడేళ్ళలో రెఫూహియో ఎందరో పునీతులకు మొక్కుకుంది. అయినా చూపు ఇలా, పట్టపగలు, తన వేళ్ళ కిందనే, దీపం వత్తి ఎగదోసినట్టు తిరిగి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. లోపలినుంచి పేరు పిలిచారు. కోడలు ఆ చలిగదిలోకి నడిచి వెళుతుంటే మోకరిల్లినంత పని చేసింది.

అరగంటకు దమియానా కాగితం ఊపుతూ బయటికొచ్చింది. “చదివేశానత్తా! తప్పు లేకుండా చదివేశాను!”

“ఆనందించక ఏడుస్తావేం దోన్యా?” అన్నాడు నెమేసియో.

మంచు ఎత్తిన తన అరచేతులను చూసుకుంటూ అంది రెఫూహియో: “ఏట్లోకి దించమని చోనా మూడేళ్ళు నా కాళ్ళు పట్టుకుంది. నేను ఆ గుడిసెలో కట్టెలు ఎగదోస్తూనే కూర్చున్నాను.”