ముందు అత్తగారు

కర్టెన్లు కుట్టే ఆవిడకు మతి చలించిందని పక్కింటావిడ కింది అంతస్తు ఆవిడతో చెప్పింది. తనేమీ గోడకు చెవి ఆనించలేదట. గోడే పలచనట.

కుట్టుమిషను చప్పుడు ఆగగానే మొదలవుతుందట. "అత్తగారూ, మీరు ముందు నిలబడండి, దెబ్బలన్నీ మీమీదే పడాలి" అంటుందట. "వదినా, ఇక విషం పెట్టు" అంటుందట. మధ్యమధ్య ఆగి, ఎవరో జవాబు చెప్పినట్టు ఊ కొడుతుందట. మొగుడు వదిలేసి పోయిన కక్ష అత్తింటివాళ్ళ మీద తీర్చుకునేలా ఉందని, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టొద్దని పక్కింటావిడ సలహా.

కింది అంతస్తు ఆవిడ కిటికీ కొలతల నెపంతో పైకి వెళ్ళి చూసొచ్చింది. విషమూ లేదు, గిషమూ లేదు. ఫోనులో ఆట. వింత జంతువులను పెంచి, ఆరింటిని జట్టు కట్టి, ఎదుటి జట్టు మీదికి తోలే ఆట. జంతువుల నెత్తిన అత్తింటివాళ్ళ వరసలు రాసుకుని కసి తీరా తన్నిస్తోంది పాపం, అంది.

పక్కింటావిడ కాస్త నిరుత్సాహపడింది.

కాపురం బాగున్న రోజుల్లో మొగుడూ పెళ్ళాలు కలిసి ఆడిన ఆటే అది. ఆమె ఒక గుడ్డును పొదిగించి, అందులోంచి వచ్చిన నిప్పుతాబేలును మూడేళ్ళు సాకింది. అతను ఇంకొకరితో వేరే కాపురానికి వెళ్ళేటప్పుడు తన బట్టలు సర్దుకున్నాడు, పోతూ పోతూ ఆ తాబేలునూ తన ఖాతాలోకి మార్చుకున్నాడు. అదేమిటని అడిగితే గుమ్మంలో ఆగి అన్నాడు:

"నా వెనక నా ఇల్లంతా ఉంది. నీ వెనక ఎవరున్నారే, ఆ కుట్టుమిషను తప్ప?"

ఆమె ఏడవలేదు. సగంలో ఉన్న కర్టెను అంచు కుట్టి, దారం పంటితో కొరికింది.

ఆ ఆటలో ఏడాదికోసారి పెద్ద పోటీ. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ మందలోంచి కోరిన జంతువును తీసుకుపోవచ్చు. ఆమెకు కప్పూ అక్కర్లేదు, పేరూ అక్కర్లేదు. ఆ తాబేలు కావాలి. అదీ అతను చూస్తుండగా, అతని చేతుల్లోంచి.

ఒక్కో జంతువును ఒక్కో మనిషి ఆడించవచ్చు. మనుషులు లేనివాళ్ళు ఆరింటినీ ఒక్కరే తోలుకోవచ్చు. అతనికి అయిదుగురు ఆఫీసు మిత్రులున్నారు. ఆరుగురివీ నిప్పు జంతువులే. అందరూ కొట్టేవాళ్ళే, కాచేవాడు ఒక్కడూ లేడు.

ఆమె అది కనిపెట్టింది. పట్టుగుడ్డ ఎంత ఖరీదైనదైనా అస్తరు లేకపోతే ఎండకు ఆగదు. జట్టూ అంతే. ఎవరి బలమెంత అని కాదు, ఒకరి చిరుగు ఇంకొకరు కప్పుతారా అని చూసుకోవాలి.

అలాగే కత్తిరించింది. అందరికంటే ముందు, ఎంత కొట్టినా చలించని రాతిగేదె: అత్తగారు. దాని చాటున విషం చిమ్మే ముళ్ళకప్ప: వదిన. ఎదుటివాళ్ళను నిద్రపుచ్చే మంచుగూబ: మామగారు. చూసిన దెబ్బనల్లా నేర్చేసుకునే అద్దంబల్లి: తోడికోడలు. కన్ను మూసి తెరిచేలోగా కరిచి వచ్చే గాలికుక్క: మరిది. ఆరోది, గాయాలు మాన్పే బక్క తూనీగ: తను.

దారికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అత్తగారు మొదట్లో ముందుకు పొమ్మంటే వెనక్కి పోయేవారు. మామగారు సరిగ్గా పోరు మధ్యలో కదలకుండా ఉండిపోయేవారు. వదినా తోడికోడలూ ఒకే చోటికి వచ్చి తోసుకునేవారు. మరిది సగం ఆటలో మాయం. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, విసుగన్నది లేకుండా, కుట్టు విప్పి మళ్ళీ కుట్టినట్టు మొదటినుంచీ మొదలుపెట్టేది.

పోటీ ఆదివారం మధ్యాహ్నం. మూడు జట్లను ఓడించి వచ్చేసరికి ఎదురుగా అతనే. ఆమె జట్టు పేర్లు చూసి పగలబడి నవ్వే బొమ్మ ఒకటి పంపాడు.

ఆరు నిప్పులూ ఒక్కసారే గేదె మీద పడ్డాయి. అత్తగారు కదల్లేదు. వదిన విషం చిమ్మింది. మామగారు ఇద్దరిని నిద్రపుచ్చితే, ఆ నిద్రలోనే మరిది కరిచి వచ్చాడు. వాళ్ళ నిప్పునే తోడికోడలు వాళ్ళ మీదికి తిప్పింది. తూనీగ చిరిగినచోటల్లా మాసిక వేస్తూ తిరిగింది. గడియారం పావుగంట నడిచేసరికి అతనికి మిగిలింది తాబేలు ఒక్కటే.

గేదె దాన్ని చంపలేదు. కొమ్ముతో వెల్లకిలా తిప్పి, పక్కన నిలబడింది.

ఆట అయ్యాక రెండు జట్ల మైకులూ తెరుచుకుంటాయి. ఆమె తాబేలు బొమ్మ మీద వేలు పెట్టింది. అది ఇటు వచ్చేసింది.

అతను అరిచాడు. "కసి ఉంటే నన్ను తిట్టు. మా అమ్మ పేరు గేదెకు పెట్టి నలుగురిచేతా తన్నిస్తావా? పేర్లు పెట్టుకున్నంత మాత్రాన మావాళ్ళు నీవాళ్ళయిపోతారా?"

ఆమె ఇయర్‌ఫోన్లు తీసి, ఫోనును కుట్టుమిషను మీద పెట్టింది.

ఫోనులోంచి పొడిదగ్గు వినిపించింది. ఆ వెనకే, ఒకప్పుడు అతన్ని చెవి మెలిపెట్టి బడికి లేపిన గొంతు అంది:

"అవి పెట్టిన పేర్లు కావురా, ఆడింది మేమే."